యాసిడ్‌కు రిజిస్టరు, వడపోతకు గుడ్డపేలిక

యాసిడ్ అమ్మే కొట్లో రిజిస్టరు ఉండాలి. కొనేవాళ్ల పేరు, చిరునామా, ఎందుకు కొంటున్నారో రాసుకోవాలి. గుర్తింపు కార్డు చూడాలి. 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. యాసిడ్ దాడులు ఆపడానికి 2013 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశమిది. అవసరమైనదే. కానీ సీసా కొట్టు దాటాక, కంసాలి ఇంటి వెనక వసారాలో దాని గతేమిటో ఆ రిజిస్టరు చెప్పదు.

యానాం ఈ మాట ముందుగా ఆలోచించాల్సిన ఊరు. మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. పాలన 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని పుదుచ్చేరి నుంచి. చుట్టూ ఆంధ్రప్రదేశ్, ఒడ్డున గౌతమి, దగ్గర్లోనే కోరంగి మడ అడవులు. మురుగుకాలవకు ఈ సరిహద్దులేవీ తెలియవు.

916 నగలో బంగారం 91.6 శాతం. మిగతాది ఎక్కువగా వెండి, రాగి. పాత నగను అపరంజి చేయాలంటే వెండి చేర్చి కరిగించి, బంగారాన్ని పావు వంతుకు తెచ్చి, నైట్రిక్ యాసిడ్‌లో కాచడం పాత పద్ధతి. వెండీ రాగీ కరిగిపోతాయి, బంగారం గోధుమరంగు పొడిగా అడుగున మిగులుతుంది. ఇక వడపోత. మూసకూ కుంపటికీ ఇచ్చే శ్రద్ధ ఇక్కడ ఎవరూ ఇవ్వరు. చేతికందిన పాత పంచె ముక్కో, దూదో, టిష్యూ కాగితమో పెట్టేస్తారు.

నూలుకూ దూదికీ గాఢ నైట్రిక్ పడదు. బట్ట చీకిపోతుంది. అంతకంటే ప్రమాదం, యాసిడ్ తడితో ఆరిన పేలిక నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. మామూలు ఫిల్టర్ కాగితమూ అంతే. అందుకే యాసిడ్‌ను ముందు పల్చన చేయాలి (నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు). వడపోత అయ్యాక కాగితాన్ని నీళ్లతో బాగా కడిగి, పొయ్యికి దూరంగా తడిగానే మూత డబ్బాలో ఉంచాలి. గాఢ యాసిడ్‌నే వడకట్టక తప్పదంటే గాజు పీచు ఫిల్టరు వాడాలి. పాత ప్రయోగశాలల్లో ఆస్బెస్టాస్ పీచు వాడేవారు. ఆస్బెస్టాస్ రేకు ముక్కను నలిపి ఆ పని చేయాలనుకోవడం ఊపిరితిత్తులతో చెలగాటం.

సన్నదనం మరో లెక్క. వాట్‌మన్ 1 నంబరు కాగితం దాదాపు 11 మైక్రాన్ల రేణువు వరకే ఆపుతుంది, 42 నంబరు 2.5 మైక్రాన్ల దాకా పడుతుంది. పంచె నేతలోంచి జారిపోయే బంగారం విలువ ముందు ఆ కాగితం ఖరీదు ఏపాటిది? తరుగు పేరుతో నగ యజమాని దగ్గర వసూలు చేసేదాంట్లో కొంత నిజంగా ఇలాగే పోతోందేమోనని నా అనుమానం. అసలు కాగితం కంటే ఓపిక మేలు. రాత్రంతా కదపకుండా వదిలి, పైన తేటను వంచేసి, అడుగు మడ్డిని మాత్రమే వడకడితే కాగితం పూడదు, చిరగదు.

కాచేటప్పుడు లేచే ఎర్రటి పొగ గురించి ఒక్క మాట. పీల్చినప్పుడు దగ్గుతో సరిపెట్టి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేర్చగలదు. కిటికీ తెరిస్తే చాలదు.

కాగితం మీద మిగిలినదాన్ని కంసాలి ఎలాగూ జాగ్రత్త చేసుకుంటాడు. నన్ను కలవరపెట్టేది కిందికి దిగిన నీళ్లు. రాగి రేకు వేసి వెండిని తిరిగి రాబట్టడం అందరికీ తెలిసిందే. అప్పుడు మిగిలేది రాగి నిండిన నీలిరంగు నీరు. కొద్ది రాగి కూడా చేపకు, రొయ్యకు విషమే. ఇనుప తుక్కు వేస్తే రాగి పొడిగా దిగుతుంది. తర్వాత సున్నంతో పులుపు విరిస్తే లోహాలు బురదగా పేరుకుంటాయి. ఆ బురదనూ వడకట్టి విడిగా దాచాలి. ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న దగ్గరే చిన్న పనివాడు ఆగిపోతాడు, నీళ్లు కాలవలోకి పోతాయి.

ఫోన్ బోర్డుల్లోంచి ఇంట్లోనే బంగారం తీయాలనుకునే కుర్రాళ్లకు మాత్రం మంచి ఫిల్టరు చెప్పను. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ పని నమోదైన రీసైక్లర్లదే. ఆ బోర్డుల్లో సీసం వంటివీ ఉంటాయి.

కంసాలిని నిషేధంతో భయపెడితే పని చీకటి గదిలోకి పోతుంది, పొగ మరింత చిక్కబడుతుంది. యానాంలో ఇళ్ల మధ్య బంగారం శుద్ధి చేసేవాళ్లను లెక్కపెట్టడం పెద్ద పనేం కాదు. పరిపాలనాధికారి కార్యాలయం, కాలుష్య నియంత్రణ కమిటీ కలిసి వాడిన యాసిడ్‌కూ బురదకూ ఒక సేకరణ కేంద్రం పెట్టాలి. ఫిల్టర్ కాగితాలు, గాజు పీచు అక్కడే అమ్మాలి. కొన్న యాసిడ్‌కు సరిపడా వ్యర్థం తెచ్చి అప్పగించినవాళ్లకే మళ్లీ సీసా ఇవ్వాలి. ఉన్న రిజిస్టరులో ఒక్క గడి పెంచితే సరిపోతుంది.