బరువు లెక్క మోసినోళ్ళది

గాజువాక ఇనుప కొట్ల దగ్గర ఊచలు మోసే మనిషిని అడగండి. బరువు భుజమ్మీద ఎంత పడుతుందో, నడుమ్మీద ఎంత పడుతుందో, తలగుడ్డ ఎట్లా చుడితే నొప్పి తగ్గుతుందో చెబుతాడు. అది చదువు కాదంటారు. అదే సంగతి కంప్యూటర్లో లెక్కగట్టి చెబితే పీహెచ్‌డీ అంటారు!

నేను ఆ పీహెచ్‌డీయే చేస్తున్నాను. మా తాత ఉక్కు కర్మాగారం కింద పోయిన ఒక ఊళ్ళో పాలేరు. భూమి లేనోడికి భూమి పరిహారం ఎక్కడిది? మా అయ్య అదే కర్మాగారంలో కాంట్రాక్టు కూలీ. ఆయన ఇనుము మోశాడు. నేను ఇనుము బరువు తగ్గించే లెక్క చేస్తున్నాను.

లెక్క ఇదీ. ఒక బస్సు చట్రాన్ని కంప్యూటర్లో వేల ముక్కలుగా విడగొడతాం. ఏ ముక్క మీద ఎంత భారం పడుతోందో చూస్తాం. మొయ్యనిచోట లోహం తీసేస్తాం, మోసేచోట ఉంచుతాం. విరగకూడదు, హద్దు దాటి వంగకూడదు. మళ్ళీ లెక్క, మళ్ళీ కోత. చివరికి తక్కువ లోహంతో గట్టి చట్రం మిగులుతుంది. బండి తేలికైతే డీజిల్ తక్కువ తాగుతుంది. దీన్నే ఆప్టిమైజేషన్ అంటారు.

ఇది మనకి అందని విద్యేమీ కాదు. 1960లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో లూసియన్ ష్మిట్ ఈ దారి తెరిచాడు. మన వాల్తేరులో ఇంజినీరింగ్ చదివిన సింగిరేసు ఎస్. రావు ఆ ఊరే వెళ్ళి, విమానం రెక్కల లెక్క మీద డాక్టరేటు చేశారు. ఆయన రాసిన ‘ఇంజినీరింగ్ ఆప్టిమైజేషన్’ ఎన్నో దేశాల్లో పాఠ్యపుస్తకం. వాల్తేరు నుంచి క్లీవ్‌లాండ్‌కి దారి ఉంది. మన పేట నుంచి వాల్తేరుకే దారి లేదు!

సీటు కోసం వెళ్తే ఒక పెద్దమనిషి, “ఈ లెక్కలు నీకెందుకయ్యా, తేలికైంది ఏదన్నా తీసుకో” అన్నాడు. “తేలిక చెయ్యడం నేర్చుకోడానికే వచ్చాను సార్” అన్నాను. సీటొచ్చినా ఫెలోషిప్ నెలనెలా రాదు. హైదరాబాదులో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయేనాటికి తనకి ఏడు నెలల ఫెలోషిప్ రావాలని రాసిపెట్టి పోయాడు. మర్చిపోదామా?

ఇంకో మాట. ఏది తగ్గించాలి, ఏది తప్పకూడదు అన్నది కంప్యూటర్ చెప్పదు. మనిషి రాస్తాడు. 2021 జనవరిలో విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా అమ్మాలని కేంద్రం తేల్చినప్పుడూ ఎవరో లెక్క రాశారు. ప్రైవేటుకి పోతే రిజర్వేషను పోతుందన్న సంగతి ఆ లెక్కలో ఉందా? 2025లో కాంట్రాక్టు కార్మికుల్ని తీసెయ్యొద్దని సమ్మె చెయ్యాల్సి వచ్చింది. అంటే ఆ లెక్కలో తగ్గించాల్సిన బరువు మనమే! మోసేచోట లోహం తియ్యకూడదని మా చదువు చెబుతుంది. మోసేవాళ్ళనే తీసేసే లెక్క ఏం చదువు?

బాబాసాహెబ్ 1923లో రూపాయి మీద లెక్కలు రాసి లండన్‌లో డీఎస్సీ తెచ్చుకున్నారు. లెక్క మనకి కొత్త కాదు. హాస్టళ్ళలో లెక్కల మాస్టారు కావాలని అడగండి. ఫెలోషిప్ నెలనెలా కావాలని అడగండి. భయపడి మన ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఎంపీసీ మానిపించకండి.

ఇన్నాళ్ళూ మోశాం. ఇక లెక్క మనం రాద్దాం.