డిజైన్ మాటలకు భయపడాలా?

డిజైన్ అనగానే అది డబ్బున్నవాళ్ల చదువనీ, బొమ్మలు గీసేవాళ్ల పని అనీ మన హాస్టల్ మిత్రులు చాలామంది పక్కన పెట్టేస్తున్నారు. నా ఉద్దేశంలో మనల్ని భయపెడుతున్నది ఆ విద్య కాదు, దాని మాటలు.

'లెడింగ్' అనే మాటనే తీసుకోండి. వరుసకూ వరుసకూ మధ్య ఉండే ఎడం అది. పాత ప్రెస్సుల్లో కంపోజిటర్లు వరుసల మధ్య సీసపు బద్దలు పెట్టేవారు. సీసాన్ని ఇంగ్లీషులో లెడ్ అంటారు కనుక ఆ పేరు. సీసం పోయింది, మాట మిగిలింది. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. 'రాష్ట్రం' అని రాస్తే కింద రెండు వత్తులు. ఎడం తగ్గితే అవి కింది వరుస గుడులకు తగులుతాయి. గోడపత్రిక రాసిన ప్రతి ఒక్కరికీ ఇది తెలిసిందే, పేరు తెలియదంతే.

'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అన్న మాటను డోనాల్డ్ నార్మన్ 1990లలో ఆపిల్ కంపెనీలో ఉండగా ప్రచారంలోకి తెచ్చారు. వస్తువును వాడే మనిషికి కలిగే అనుభవమంతా అందులోకే వస్తుంది. తలుపుకు పిడి ఉంటే లాగుతాం, ఒట్టి రేకు ఉంటే తోస్తాం. పిడి పెట్టి 'తోయుము' అని రాస్తే తప్పు తలుపుదే గాని మనిషిది కాదని 1988 నాటి ఆయన పుస్తకం చెబుతుంది.

ఇక మన ఆన్‌లైన్ దరఖాస్తులు చూడండి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఫారమేమో 'లాస్ట్ నేమ్' అడుగుతుంది. ఎర్ర అక్షరాల్లో 'ఇన్‌వాలిడ్' అని వస్తుంది గాని ఏ గడిలో ఏం తప్పో చెప్పదు. డిజైన్ భాషలో అది సరిగా లేని ఎర్రర్ మెసేజ్. మన భాషలో నెట్ సెంటర్‌కు మరో ఇరవై రూపాయలు. పక్కన నిలబడ్డ అమ్మ మాత్రం "మనకే తెలియదులే నాయనా" అంటుంది. అక్కడే నాకు కోపం వస్తుంది. వాడేవారి చేత ముందుగా వాడించి చూడటాన్ని 'యూజబిలిటీ టెస్టింగ్' అంటారు. ఐదుగురితో చూస్తే చాలు, లోపాలు చాలావరకు బయటపడతాయని జాకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఐదుగురే! మన హాస్టల్లో ఒక్క గదిలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటాం. ఫారాలు తయారుచేసే చోట మనవాళ్లు కూర్చోవాలంటాను నేను.

ఇంటర్‌లో ఏ గ్రూపైనా యూసీడ్ పరీక్ష రాయవచ్చు. డిగ్రీ తర్వాత సీడ్ ఉంది. రెండూ ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది. డ్రాయింగ్ ప్రశ్నలుంటాయి నిజమే, సాధనతో వస్తుంది.

పాత విద్యార్థులకు ఒక మనవి. హాస్టల్ లైబ్రరీకి ఎంట్రన్స్ గైడ్లు ఇచ్చేటప్పుడు నార్మన్ పుస్తకం ఒకటి కూడా కొనివ్వండి. 'ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్' అని అడిగితే దొరుకుతుంది.