బాట గీస్తే చాలదు, పేరూ రాయాలి

జవళగిరి అడవి అంచున మేకలు తోలే ఓ పెద్దాయన వెంట, అటవీ శాఖ అనుమతి తీసుకుని, ఒక పూట నడిచాను. నా చేతిలో జీపీఎస్ రిసీవరు, ఆయన చేతిలో కర్ర. ‘‘అది లేకుంటే దారి కనపడదా నాయనా?’’ అన్నాడు. కనపడదు మరి! ఆయన తర్వాత మరెవరికీ కనపడదేమోనన్నదే నా బెంగ.

జవళగిరి, అంచెట్టి, ఉరిగం అడవుల్ని 2022లో కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు. నడిచే కాళ్లు తగ్గితే బాట మీద లంటానా కమ్మేస్తుంది. బాటతో పాటు దాని పేరూ పోతుంది. అందుకే తెలిసినవాళ్లు ఉండగానే పటం గీసుకోవాలంటున్నాను.

పని కష్టమేం కాదు. 2000 మేలో అమెరికా తాను కావాలని పెట్టిన తేడాను తీసేసేదాకా ఈ పరికరాలు వంద మీటర్ల దాకా తప్పు చూపేవి. ఇప్పుడు ఆకాశం బాగా కనపడితే పది మీటర్ల లోపే. అయితే వెదురు పొదల కింద, లోయల్లో గీత తాగినవాడి నడకలా వంకర్లు పోతుంది. అలాంటి చోట ఒకసారి నడిచి సంబరపడకండి. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రెండు గీతలూ తీసి పోల్చుకోండి. బాటలు చీలే చోట నాలుగైదు నిమిషాలు కదలకుండా నిలబడి గుర్తు పెట్టుకోండి. ఇంకో తిరకాసుంది. పాత సర్వే పటాలు ఎవరెస్ట్ లెక్క మీద గీసినవి, రిసీవరు చూపేది డబ్ల్యూజీఎస్ 84. చూసుకోకుండా ఒకదాని మీద ఒకటి పెడితే మన వైపు వంద మీటర్లకు పైగానే జరిగిపోతుంది. వాగుకు ఇవతల ఉన్న బాట అవతల తేలుతుంది!

ఇక పేర్ల సంగతి. ఆ పెద్దాయన ప్రతి బండకూ, మడుగుకూ తెలుగులో ఒక పేరు చెప్పాడు. నా రిసీవరులో అవన్నీ 001, 002. ఇంటికొచ్చి చూస్తే ఏది ఏ బండో నాకే తెలీలేదు, సిగ్గేసింది. జేబులో నోటుపుస్తకం పెట్టుకుని, అంకె పక్కన ఆయన పలికినట్టే రాసుకుని ఉండాల్సింది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒకే చోటుకు తమిళం, కన్నడం, తెలుగు పేర్లు పక్కపక్కనే ఇవ్వొచ్చు. ఒకరి పేరు చెరిపి మరొకరిది రాయనక్కర్లేదు.

అన్ని బాటలూ బయట పెట్టమని మాత్రం అనను. గుడికి పోయే దారి, ఊరికీ ఊరికీ మధ్య నడిచే దారి పెట్టండి. ఏనుగులు నీళ్లకు దిగే చోట్లు అటవీ శాఖకే ఇవ్వండి. వేటగాళ్లకు మనం దారి చూపించినట్టు కాకూడదు.

2006 అటవీ హక్కుల చట్టం మేపు హక్కునూ గుర్తిస్తుంది. గిరిజనులు కానివాళ్లు మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. జీపీఎస్ గీత ఒక్కటే అందుకు రుజువు కాదు. కానీ పెద్దోళ్ల మాటకు తోడుగా గ్రామసభ ముందు పెట్టొచ్చు. వచ్చే చలికాలంలో అనుమతి అడిగి ఆ పెద్దాయన దగ్గరికే మళ్లీ పోతాను, ఈసారి నోటుపుస్తకంతో.