పదిహేడేళ్లకే డాక్టరు సీటు: మా ఇంటి మాట

దసరా అయిన మర్నాటి రాత్రి న్యూజెర్సీ నుంచి మా తమ్ముడి కొడుకు ఫోను చేశాడు. క్షేమసమాచారాలు అయ్యాక అసలు సంగతికి వచ్చాడు. "పెదనాన్నా, అమ్మాయి పన్నెండో క్లాసుకి వచ్చింది. ఇక్కడ బీఎస్-ఎండీ అని ఉంది. స్కూలు అవగానే డిగ్రీ సీటుతో పాటు మెడికల్ సీటు కూడా ఇచ్చేస్తారు. మనవాళ్లంతా అప్లై చేయిస్తున్నారు. ఇది మాత్రం అవుననదు, కాదనదు. మీరిద్దరూ ఓసారి దానితో మాట్లాడండి."

మాట్లాడాం. పిల్ల ఏమందో తర్వాత చెబుతాం. ఈ ఏడాది మన చుట్టాల్లో మూడు నాలుగు ఇళ్లలో ఇదే చర్చ నడుస్తోంది కాబట్టి, ముందు మాకు అర్థమైనదీ, మా అభిప్రాయమూ ఇక్కడ పెడుతున్నాం. ఒప్పుకోనివాళ్లు నిరభ్యంతరంగా మాతో పోట్లాడవచ్చు.

బీఎస్-ఎండీ అనగానే మనకు ప్రాణం లేచొస్తుంది. కారణం ఉంది. బరంపురంలో మెడికల్ కాలేజీ వచ్చింది 1962లో. అంతకుముందు మన వైపు పిల్లలు డాక్టరీ చదవాలంటే విశాఖపట్నమో, కటకమో పోవాల్సిందే. అప్పటి నుంచీ మనకు తెలిసిన దారి ఒక్కటే. ఇంటర్ అవుతుంది, పరీక్ష రాస్తారు, సీటు వస్తుంది. నాలుగున్నరేళ్లు చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ, బయటికొస్తే డాక్టరుగారు. ఇవాళ నీట్ రాసేవాళ్లు 20 లక్షలు దాటినా దారి మాత్రం అదే. అందుకే బీఎస్-ఎండీని మనం "అమెరికా ఎంబీబీఎస్" అనుకుంటున్నాం. ఇక్కడే పొరపాటు.

అమెరికాలో డాక్టరీకి మామూలు దారి వేరు. ముందు నాలుగేళ్ల డిగ్రీ. అది ఏ సబ్జెక్టులోనైనా కావచ్చు, సైన్సు కోర్సులు కొన్ని పూర్తిచేస్తే చాలు. తర్వాత ఎంక్యాట్ పరీక్ష, దరఖాస్తులు, ఇంటర్వ్యూలు. ఆపైన నాలుగేళ్లు మెడికల్ స్కూలు. తర్వాత రెసిడెన్సీ, స్పెషాలిటీని బట్టి మూడు నుంచి ఏడేళ్లు. బీఎస్-ఎండీ అంటే ఇందులో మొదటి రెండు మెట్లను ముందే కలిపి ముడివేయడం. కొన్ని ఆరేళ్లవి, కొన్ని ఏడేళ్లవి, చాలావరకు ఎనిమిదేళ్లవి. అంటే ఎక్కువ చోట్ల ఏడాది కూడా కలిసిరాదు. మరీ కలిసొస్తే రెండేళ్లు. రెసిడెన్సీ ఎవరికీ తప్పదు.

ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. మిస్సోరి యూనివర్సిటీ వాళ్లు కాన్సాస్ సిటీలో ఆరేళ్ల కోర్సు 1971లోనే మొదలుపెట్టారు. న్యూయార్క్ సిటీ కాలేజీలో 1973లో ఇలాంటిది పెట్టింది, డబ్బులేని ఇళ్ల పిల్లలకూ, డాక్టర్లు దొరకని పేటలకూ పనికొచ్చేలా. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఇంకా ముందే, 1961లో మొదలుపెట్టి, దాదాపు అరవై ఏళ్లు నడిపి కొత్తగా చేర్చుకోవడం ఆపేసింది. బ్రౌన్ యూనివర్సిటీది ఎనిమిదేళ్ల కోర్సు, అక్కడ ఎంక్యాట్ అక్కర్లేదు. డాక్టర్ కాబోయే పిల్ల చరిత్రో, సంగీతమో ప్రధాన సబ్జెక్టుగా చదువుకోవచ్చు. ఒక్కో కాలేజీ ఒక్కో ఉద్దేశంతో ఈ కోర్సు పెట్టింది. మనం మాత్రం అన్నిటినీ ఒకే గాటన కట్టి "సీటు" అంటున్నాం. పది కాలేజీలకు ఒకే వ్యాసం పేరు మార్చి పంపితే తిరుగుటపాలో వచ్చేది ఇందుకే.

ఇప్పుడు లెక్కల సంగతి. మామూలు దారిలో ఏటా 50 వేలమందికి పైగా ఎండీ స్కూళ్లకు దరఖాస్తు చేస్తే, సుమారు 23 వేలమంది చేరుతున్నారు. నూటికి నలభై పైచిలుకు. బీఎస్-ఎండీలో చాలా ప్రోగ్రాములు ఏటా తీసుకునేది పది, ఇరవై, యాభై మందిని. బ్రౌన్‌కి వేలల్లో దరఖాస్తులు వస్తే వందలోపు మందికి పిలుపు వస్తుంది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. మామూలు దారిలో దరఖాస్తు దాకా వచ్చేవాళ్లు అప్పటికే వడపోత దాటినవాళ్లు. కెమిస్ట్రీ దగ్గరే ఆగిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రారు. అయినా సరే, దగ్గరి దారి అని మనం అనుకుంటున్నది నిజానికి ఇరుకు దారి. అది రాలేదని పిల్ల కుంగిపోవాల్సిన పని లేదు. పెద్ద దారి తెరిచే ఉంటుంది.

వచ్చిన సీటు కూడా పూర్తిగా చేతికి వచ్చినట్టు కాదు. డిగ్రీలో మార్కులు ఇంతకు తగ్గకూడదని షరతు ఉంటుంది, చాలా చోట్ల నాలుగుకి మూడున్నర అటూ ఇటూ. కొన్ని చోట్ల ఎంక్యాట్ కూడా రాయాలి. కొన్ని చోట్ల వేరే మెడికల్ స్కూలుకి దరఖాస్తు పెడితే చేతిలో ఉన్న సీటు పోతుంది. ఇవన్నీ వాళ్ల కాగితాల్లోనే రాసి ఉంటాయి. మనం చదవం. పెళ్లిచూపులకు ముందు ఏడు తరాలు ఆరా తీసేవాళ్లం, ఎనిమిదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టేముందు నాలుగు పేజీలు చదవలేమా?

డబ్బు సంగతి కూడా చూడాలి. అక్కడ అప్పుచేసి చదివిన కొత్త డాక్టర్ల మీద సగటున 2 లక్షల డాలర్ల దాకా భారం ఉంటోంది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై 1 తర్వాత కొత్తగా తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ రుణం లేదు. మెడిసిన్‌కు ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు, అంతే. మిగతాది ఇంటి నుంచో, ప్రైవేటు అప్పు నుంచో రావాలి. ఇవాళ పన్నెండో క్లాసులో ఉన్న పిల్లలు మెడికల్ స్కూలు మెట్టెక్కేది ఈ కొత్త లెక్క కిందే. ఖరీదైన కాలేజీలో ముందు నాలుగేళ్లకే ఇల్లు ఊడ్చేస్తే, తర్వాతి నాలుగేళ్ల మాటేమిటి? సొంత రాష్ట్రపు యూనివర్సిటీలో తక్కువ ఖర్చుతో డిగ్రీ చదివి తర్వాత మెడిసిన్‌కు పోవడం చిన్నతనం కాదు.

ఇంకో సంగతి అడగడానికి అందరూ మొహమాటపడుతున్నారు. అదే వీసా. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉన్న మనవాళ్ల పిల్లలు తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ హెచ్-4 మీద ఉంటారు. 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది, విద్యార్థి వీసాకు మారాలి. ఎనిమిదేళ్ల కోర్సులో చేరిన పిల్లకు 21 వచ్చేది మెడికల్ స్కూలు గుమ్మం తొక్కకముందే. బీఎస్-ఎండీల్లో చాలావాటికి పౌరసత్వమో, గ్రీన్ కార్డో ఉండాలి. మెడికల్ స్కూళ్లలోనూ విదేశీ విద్యార్థులను తీసుకునేవి తక్కువ. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు వ్యాసం మొదలుపెట్టకముందే కాలేజీకి ఉత్తరం రాసి "మా పిల్లకు అర్హత ఉందా, మధ్యలో హోదా మారితే ఏమవుతుంది" అని అడగాలి. ఏడాది కష్టపడ్డాక అప్లికేషన్‌లో ఒక గడి దగ్గర ఆగిపోవడం పిల్లకు చాలా అవమానం.

ఇన్ని చెప్పాం కాబట్టి మేం వద్దంటున్నామని అనుకోకండి. పదిహేడేళ్లకే తన మనసు తనకు తెలిసిన పిల్లలు ఉంటారు. అలాంటివాళ్లకు ఇది వరమే. ఎంక్యాట్ బెంగ లేకుండా, ఎండాకాలం సెలవులన్నీ రెజ్యూమెకి ధారపోయకుండా, నచ్చిన చదువు చదువుకుంటూ డాక్టరీ దాకా పోవచ్చు. మా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ మనసు పిల్లదా, మనదా?

ఈ ప్రశ్న మాకు ఊరికే రాలేదు. మా బాబాయి సంగతి పెద్దవాళ్లకు తెలుసు. తాతగారి మాట మీద మెడిసిన్‌లో చేరాడు. రెండేళ్లు నెట్టుకొచ్చి, ఒకరోజు ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చేశాడు. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. ఎవరూ మాట్లాడనూలేదు. అదే ఎక్కువ బాధపెట్టిందని చాలా ఏళ్లకు మాతో అన్నాడు. తర్వాత బ్యాంకులో చేరాడు, సాయంత్రాలు వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. అతని దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ పండగకి వచ్చి పలకరిస్తారు. "ముందే చెప్పొచ్చు కదా" అని మేం అడిగితే, "నన్నెవరు అడిగార్రా" అన్నాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పిల్లాడు తెలుసుకోకముందే మనం అతనికి డాక్టరు పేరు పెట్టేశాం.

అందుకే మనవరాలిని సీటు గురించి అడగలేదు. "నీకేమిటమ్మా ఇబ్బంది?" అన్నాం. కాసేపు ఊరుకుంది. తర్వాత తనకు వచ్చిన తెలుగులో చెప్పింది. "తాతగారూ, డాక్టర్ అవడం నాకు ఇష్టమే. 'ఎందుకు' అని రాయమంటారు కదా. కన్సల్టెంట్ రాయించింది బాగుంది. కాని అందులో నేను లేను."

మరి నువ్వెక్కడున్నావు అంటే, పోయినేడు సంగతి చెప్పింది. వాళ్ల అమ్మమ్మ ఇక్కడి నుంచి వెళ్లి అక్కడ ఆస్పత్రిలో పడినప్పుడు, డాక్టరు అడిగేది ఆవిడకు తెలియక, ఆవిడ చెప్పేది డాక్టరుకు తెలియక, మధ్యలో ఈ పిల్లే మాట్లాడిందట. "గుండెల్లో గాభరాగా ఉందే" అని ఆవిడ అంటే, అది గుండె జబ్బా, భయమా, ఆయాసమా, ఇంగ్లీషులో ఏమని చెప్పాలో తోచక వణికిపోయానంది. అప్పటి నుంచి తనకు వైద్యం మీదా ఇష్టమే, భాషల మీదా ఇష్టమే. రెండూ చదవాలని ఉంది. నాన్న "భాషలు ఎందుకు, అప్లికేషన్ పలచబడుతుంది" అన్నారట.

మేం వాళ్ల నాన్నతో గట్టిగానే చెప్పాం. ఒరేయ్, పిల్ల రాయాల్సిన వ్యాసం అదే. ఏ కన్సల్టెంటూ అమ్మలేని సరుకు అది. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. మెడికల్ సీటు తీసేసినా తను సంతోషంగా చదువుకోగల కాలేజీలు ఏవో తనే ఏరుకుంటుంది. అలాంటివి మూడు తేలాయి, వాటికే బీఎస్-ఎండీ దరఖాస్తు. వాటితో పాటు మామూలు డిగ్రీకి సొంత రాష్ట్రంలోవి కొన్ని. వ్యాసం తనే రాస్తుంది, అచ్చుతప్పులు మాత్రం టీచరు చూస్తారు. చాలావాటికి గడువు నవంబరు, డిసెంబరుల్లోనే కాబట్టి ఇక ఇంట్లో చర్చలు బంద్.

మన ఇళ్లలో మిగతావాళ్లకు మా సలహా కూడా ఇదే. గడువులు, షరతులు, డబ్బు, వీసా, ఈ నాలుగూ పెద్దవాళ్లు చూసుకోండి. "ఎందుకు" అనేది పిల్లలకు వదిలేయండి. జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టినా, అది డాక్టరీ కాదని తేలినా, వినండి. పెద్ద దారి నాలుగేళ్ల తర్వాత కూడా ఉంటుంది.

ఫలితాలు వసంతకాలానికి వస్తాయి. వచ్చినా రాకపోయినా ఎండాకాలం సెలవులకు పిల్ల బరంపురం వస్తానంది. బాబాయి దగ్గర చదువుకున్నవాళ్లలో ఒకాయన ఇక్కడ డాక్టరు. ఆయన క్లినిక్‌లో ఓ వారం కూర్చుని, మన ముసలివాళ్లు జబ్బు గురించి ఏ మాటల్లో చెప్పుకుంటారో రాసుకుంటుందట. "గాభరా"తో మొదలుపెడతానంది.