నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ కూడా శాస్త్రమేనా?

ఆఫీసు కబుర్లలో 'నాలెడ్జ్ మేనేజ్‌మెంట్' అన్న మాట మన పిల్లల చెవిన కూడా పడే ఉంటుంది. ఒకరికి అనుభవం మీద వచ్చిన తెలివిని దాచిపెట్టి, పదిమందికీ అందించే ఏర్పాటు అది. మరి అది సైన్సేనా?

మన భాషలో జవాబు తేలిక. పద్ధతిగా నేర్చుకునే దేన్నయినా మనవాళ్ళు శాస్త్రమన్నారు: పాకశాస్త్రం, నాట్యశాస్త్రం. ఆ లెక్కన ఇదీ శాస్త్రమే. సైన్సు లెక్క వేరు. చెప్పిన మాటను ఎవరైనా పరీక్షించగలగాలి. తప్పయితే తప్పని తేలాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 1985లో జపాన్‌లోని మత్సుషిటా కంపెనీ (ఇప్పటి పానసోనిక్) ఇంట్లో బ్రెడ్ చేసుకునే మిషను తయారుచేస్తోంది. బ్రెడ్ పైన మాడిపోయేది, లోపల పచ్చిగా ఉండేది. అప్పుడు ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒసాకాలో ఒక పేరున్న హోటల్ హెడ్ బేకర్ దగ్గర చేరి పిండి పిసకడం నేర్చుకున్నారు. ఆయన పిండిని ఒక ప్రత్యేకమైన తీరులో సాగదీస్తున్నారని గమనించారు. ఇంజనీర్లతో కలిసి ఏడాది తంటాలు పడ్డాక మిషను కుదిరింది. చేతిలో ఉన్న విద్యను మాటల్లోకి, అక్కడి నుంచి మిషనులోకి ఎక్కించవచ్చనడానికి నొనాకా, టకెయుచి 1995లో తమ పుస్తకంలో ఈ కథనే చూపించారు.

2007లో రిబేరో, కాలిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కథను పరీక్షకు పెట్టారు. బేకర్ విద్య మిషనులోకి వెళ్ళలేదని, కొన్ని కదలికలను మాత్రమే అది అనుకరిస్తోందని, మిగతాది దాన్ని వాడే మనుషులే సర్దుకుంటున్నారని తేల్చారు.

నాకు సైన్సు కనిపించేది ఈ పరీక్షలోనే. కానీ ఫలానా పద్ధతి పాటిస్తే ఏ ఆఫీసులోనైనా ఫలానా ఫలితం వస్తుందని చెప్పే సూత్రాలు ఈ రంగంలో లేవు. 2002లో టి.డి. విల్సన్ అయితే, మనం నిర్వహించగలిగేది సమాచారాన్నే గాని మనిషి తలలోని జ్ఞానాన్ని కాదని ఘాటుగా రాశారు. అందుకే దీన్ని నేను సైన్సు అనను. సైన్సు పద్ధతులు నేర్చుకోవలసిన వృత్తివిద్య అంటాను.

తెలిసినవాళ్ళకు దూరంగా బతుకుతున్న మనకు ఇది ఇంటి సమస్యే. అమ్మమ్మ ఆవకాయ కొలతలు ఈమెయిల్లో వస్తాయి. ముక్క తడి ఆరిందో లేదో వేలితో పట్టి చూసే నేర్పు రాదు. తెలుగూ అంతే. అక్షరాలు పుస్తకంలో దొరుకుతాయి. ఎవరిని 'నువ్వు' అనాలో, ఎవరిని 'మీరు' అనాలో పెద్దల మధ్య తిరిగితేనే వస్తుంది. అది అందకుండా పోతే ఏ కంప్యూటరూ తిరిగి ఇవ్వలేదు.

పిల్లలూ, ఈసారి అమ్మమ్మో నానమ్మో వచ్చినప్పుడు ఒక పరీక్ష చేయండి. ఒకరు కాగితం మీద రాసుకున్నది చూసి, ఇంకొకరు ఆవిడ పక్కనే నిలబడి నేర్చుకుని, ఒకే కూర వండండి. ఏది ఎవరిదో చెప్పకుండా ఇంట్లోవాళ్ళకు రుచి చూపించండి. ఏది నెగ్గిందో మాకు రాయండి!