999 రూపాయల ‘పట్టు’ చీర, మన గూళ్ళ లెక్క



“ప్యూర్ పట్టు చీర 999 మాత్రమే, డెలివరీ ఉచితం, స్టాక్ అయిపోతోంది త్వరపడండి” అనే రీల్ ఈపాటికి మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. మనం చూసి నవ్వుకుని పైకి తోసేస్తాం. గూళ్ళు పండించేవాళ్ళం, అది పట్టు కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ రీల్ మన కోసం చేసింది కాదు. పట్టుగూడు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని, పెళ్ళికి మాత్రం పట్టు చీరే పెట్టాలనుకునే ఇళ్ళ కోసం చేసింది. అలాంటి తెలుగిళ్ళు వేలల్లో ఉన్న ఊరు ముంబై. ఈసారి నా మాటలు ఆ ఊరి గురించి, అక్కడి చాళ్ళ గురించి.

సోషల్ మీడియాతో వ్యాపారం పెంచుకోండి అని ఇప్పుడు అందరూ చెప్తున్నారు. పట్టు రైతుకి దాంతో పనేముంది, అది చీరల షాపువాళ్ళ గొడవ అని మనలో చాలామంది అనుకుంటున్నాం. నేను అలా అనుకోను. ఫోన్‌లో ఇప్పుడు అమ్ముడవుతున్నది పట్టు కాదు, ‘పట్టు’ అనే పేరు. ఆ పేరుకి అసలు హక్కుదారులం మనం. మనం నోరు తెరవకపోతే పేరు వాళ్ళది అయిపోతుంది, గూళ్ళు మాత్రం మన దగ్గర మిగిలిపోతాయి.

*కామాటిపురా ఎవరి పేరు?*

కామాటిపురా అనగానే జనానికి వేరే సంగతులు గుర్తొస్తాయి. ఆ పేరు మాత్రం మనవాళ్ళది. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి కట్టడం పనికి, మట్టి పనికి వెళ్ళిన కామాటీలు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ పేరే ఆ పేటకి నిలిచిపోయింది. ఇప్పటికీ అక్కడి సందులకి నంబర్లే పేర్లు.

తర్వాత నేతగాళ్ళ వంతు వచ్చింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు పద్మశాలీలు చేతిమగ్గం మీద బతకలేక బొంబాయి బట్టల మిల్లుల్లో చేరారు. వర్లీ, పరేల్, నాయగావ్ చుట్టుపక్కల చాళ్ళలో కాపురాలు పెట్టారు. 1920లలో కట్టిన బీడీడీ చాళ్ళలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. మన చాకీ గదులు కొన్ని అంతకంటే పెద్దవి.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు అందులో ఉన్నారు. చాలా మిల్లులు మళ్ళీ సరిగ్గా తెరుచుకోనేలేదు. ఆ కుటుంబాల్లో కొందరు ఊళ్ళకి తిరిగొచ్చారు. కొందరు భివండీ, సూరత్ లాంటి చోట్ల పవర్‌లూమ్‌ల మీదకి మళ్ళారు. ఇంకొందరు చాళ్ళలోనే ఉండి దొరికిన పని చేసుకున్నారు.

ఇదంతా మనకెందుకంటారా? 999 రూపాయల చీరల్లో పెద్ద భాగం పవర్‌లూమ్ మీద నేసిన పాలిస్టర్. సూరత్ దానికి పెద్ద అడ్డా. ఆ మగ్గాల మీద పనిచేసే చేతుల్లో మన తెలుగు నేతగాళ్ళ చేతులూ ఉన్నాయి. కాబట్టి నేసినవాణ్ణి తిట్టి లాభం లేదు. పాలిస్టర్‌ని పాలిస్టర్ అని అమ్మితే ఎవరికీ నష్టం లేదు, పేదింటి ఆడపిల్లకి ఒక మంచి చీర దొరుకుతుంది. దానికి పట్టు అని పేరు పెట్టి అమ్మడం దగ్గరే మోసం మొదలవుతుంది.

*మూట దిగే చోట ఫోన్ వచ్చింది*

ఒకప్పుడు చీరల మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళు. చీర విప్పి చూపించేవాడు, అంచు పట్టుకుని చూసేవాళ్ళం, డబ్బు నెలనెలా కట్టేవాళ్ళం. రంగు పోతే వచ్చే నెల అదే మనిషి దొరికేవాడు.

ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది. 2015లో మొదలైన మీషో లాంటి రీసెల్లింగ్ యాప్‌లు ఇంట్లో ఉన్న ఆడవాళ్ళకి ఒక దారి చూపించాయి. యాప్‌లో ఫొటో తీసుకుని తెలిసినవాళ్ళకి వాట్సాప్‌లో పంపడం, ధర మీద కొంత వేసుకుని అమ్మడం. 2018లో వాట్సాప్ బిజినెస్ వచ్చింది, ఆ మరుసటి ఏడాది అందులోనే కేటలాగ్ పెట్టుకునే వీలొచ్చింది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని నిషేధించారు, జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఆ చోటు పట్టేసింది. అప్పటి నుంచి చీరల లైవ్‌లు, రీళ్ళు ఆగడం లేదు.

చాల్ అంటే ఒకే వరండా మీదకి ఇరవై తలుపులు. అలాంటి చోట ఒక అక్క చీరలు అమ్మడం మొదలుపెడితే ఇరవై ఇళ్ళూ ఆమె మాటే నమ్ముతాయి. ఆ అక్క మోసగత్తె కాదు. ఆమె కూడా ఆ చీరని ముందు ముట్టుకుని చూసి ఉండదు. ఫొటో కింద ‘సాఫ్ట్ సిల్క్’ అని ఉంటుంది, ఆమె దాన్ని ‘పట్టు’ అని తెలుగులో చెప్తుంది, అంతే.

దీని మీద ఇప్పుడు ఏఐ వచ్చింది. మోడల్ అక్కర్లేదు, కెమెరా అక్కర్లేదు. లేని చీరని లేని మనిషికి కట్టి, లేని మెరుపు అద్ది చూపిస్తున్నారు. కళ్ళతో చూసి పట్టుని గుర్తుపట్టే కాలం పోయింది. మరి ఇక దేన్నిబట్టి గుర్తుపట్టాలి?

*మనకి మాత్రమే వచ్చిన లెక్క*

లెక్కని బట్టి గుర్తుపట్టాలి. ఆ లెక్క మనకి నోటికి వచ్చు.

బైవోల్టిన్ గూళ్ళు అయితే కిలో నూలు తీయడానికి ఆరున్నర కిలోల గూళ్ళు కావాలి అనుకుందాం. నాసి గూళ్ళయితే ఇంకా ఎక్కువే పడతాయి. తేలికపాటి చీరకి 400 గ్రాముల నూలు వేసుకున్నా 2.6 కిలోల గూళ్ళు. కిలో 500 రూపాయలు అనుకుంటే (మీరు మీ మార్కెట్ ధర వేసుకోండి) గూళ్ళకే 1300 రూపాయలు. రీలింగ్ కూలి, పురి పెట్టడం, రంగు, నేత కూలి, జరీ, షాపు లాభం, కొరియర్ ఇంకా ఏవీ కలపలేదు. అలాంటప్పుడు 999కి పట్టు చీర ఎలా వస్తుంది?

ఇంకోలా చెప్తే, ఆ ఒక్క చీర వెనకాల 1400కి పైగా పురుగులు ఉంటాయి. ఒక్కొక్కటీ నాలుగు జ్వరాలు దాటి, కడుపునిండా ఆకు తిని, గూడు కట్టిన పురుగు.

ఈ లెక్క మన షెడ్డులో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. చాల్‌లో ఉన్న అక్కకి తెలియదు. ఆమెకి తెలియకపోవడం వల్ల నష్టం ఆమెకి ఒక్కసారి, మనకి ప్రతి పంటకీ. ఎందుకంటే 999కే ‘పట్టు’ దొరుకుతుందని నమ్మినావిడకి నిజం పట్టు చీర ధర చెప్తే దోపిడీ అనిపిస్తుంది. ఆమె కొనకపోతే షాపువాడు నేతగాడికి ఆర్డర్ తగ్గిస్తాడు, నేతగాడు నూలు తగ్గిస్తాడు, రీలరు వేలంలో మన లాట్ దగ్గర ఆగి ఇంకో పది రూపాయలు తగ్గించి అడుగుతాడు. ధర పడితే చైనా నూలు అంటాం, వానలు అంటాం. అవీ నిజమే. ఇది కూడా కలుపుకోవాలి.

*నేను చెప్పేది నాలుగు పనులు*

*ఒకటి.* ఒక పంటని నాలుగు చిన్న వీడియోలుగా తీయండి. తోటలో ఆకు కోయడం, నాలుగో జ్వరం లేచాక పురుగులు ఆకు తినే చప్పుడు, చంద్రికల మీద గూళ్ళు అల్లడం, తూకం. ఒక్కోటి అర నిమిషం చాలు. పాటలు వద్దు, ఫిల్టర్లు వద్దు, ఏఐ బొమ్మలు అసలు వద్దు. గూడు తెల్లగా ఉంటే తెల్లగా, పచ్చగా ఉంటే పచ్చగానే కనపడాలి. అబద్ధం బొమ్మల మధ్య మనది నిలబడాలంటే అది నిజంగా ఉండటమే దారి.

*రెండు.* పైన చెప్పిన లెక్కని మీ నోటితో చెప్పండి. రాసి పెట్టొద్దు. ముంబై చాళ్ళలో మూడో తరం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీయో ఇంగ్లీషో చదువుకున్నారు. చాలామందికి తెలుగు చదవడం రాదు, వింటే మాత్రం అర్థమవుతుంది. వాయిస్ మెసేజ్, మాట్లాడే వీడియో వాళ్ళ దగ్గరికి వెళ్తాయి. తెలుగు అక్షరాల పోస్టర్ వెళ్ళదు.

*మూడు.* సిల్క్ మార్క్ గురించి చెప్పండి. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004 నుంచి ఉన్న గుర్తు అది. లేబుల్ మీద విడి నంబరు ఉంటుంది. అమ్మేవాళ్ళు తప్పనిసరిగా పెట్టాలన్న చట్టం లేదు, అందుకే కొనేవాళ్ళు అడగాలి. లేబుల్ లేకపోతే కొంగు చివర రెండు పోగులు లాగి కాల్చి చూడమనండి. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. పట్టు అని చెప్పి పాలిస్టర్ పంపితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చని కూడా చెప్పండి.

*నాలుగు.* ఇది ఒక్కరు చేసే పని కాదు. ఊరికొక గ్రూపు, గ్రూపుకి ఒక్క ఖాతా చాలు. మీకు తెలిసిన రీలరుకి, నేతగాడికి ఆ వీడియోలు ఇవ్వండి. ధర్మవరంలోనో పోచంపల్లిలోనో నేసిన చీర పక్కన మన తోట వీడియో కూడా వెళ్తే ఆ చీరకి ఊరూ పేరూ వస్తాయి. చాల్‌లో చీరలు అమ్మే అక్కకి కూడా అదే ఇవ్వండి. ఆమె మనకి పోటీ కాదు. ఆ ఇరవై తలుపులూ ఆమె మాటకే తెరుచుకుంటాయి, కాబట్టి ముందు నిజం తెలియాల్సింది ఆమెకే.

*“మాకేం వస్తుంది?” అనేవాళ్ళకి*

వచ్చే వారం కిలోకి పది రూపాయలు పెరుగుతాయని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళని నమ్మొద్దు కూడా. మన గూళ్ళు వేలంలో పోయాక ఎవరి బేసిన్‌లో పడతాయో, ఏ చీరలో చేరతాయో మనకి తెలియదు, అదీ నిజమే. అయినా పట్టు అన్న మాటకి విలువ ఉన్నంతకాలమే గూటికి ధర ఉంటుంది. ఆ విలువ కాపాడటానికి ప్రభుత్వం ఒక లేబుల్ పెట్టింది. మిగతా పని మనం చేయాలి.

టైమ్ ఎక్కడిది అంటారా? అయిదో దశలో తిండి తినడానికే తీరిక ఉండదు, ఒప్పుకుంటాను. జ్వరంలో పురుగు మేత మానేసి పడుకున్న రోజు ఉంటుంది కదా. ఆ రోజు ఒక గంట చాలు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే మీరు మాట్లాడండి, వాళ్ళు తీస్తారు.

*ఒకే గేటుని నమ్ముకోవద్దు*

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. బొంబాయి మిల్లు కార్మికుడికి పని ఒకే గేటు లోపల ఉండేది. నైపుణ్యం చేతుల్లోనే ఉన్నా గేటు మూశాక ఆ చేతులకి పని లేకుండా పోయింది. ఇవాళ యాప్‌లు కూడా గేట్లే. ఈ రోజు మన వీడియో పదివేల మందికి చూపిస్తుంది, రేపు లెక్క మార్చి పదిమందికి చూపిస్తుంది. ఖాతా ఆగిపోతే అడగడానికి మనిషి దొరకడు. అందుకని మీ దగ్గర గూళ్ళు, నూలు, చీర ఏది కొన్నవాళ్ళ పేరైనా, నంబరైనా ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఫోన్ పోయినా, యాప్ పోయినా ఆ పుస్తకం ఉంటుంది. తెలియని వాళ్ళు పంపిన లింకు, క్యూఆర్ కోడ్ ముట్టుకోవద్దు. డబ్బు మనకి రావడానికి మన పిన్ నొక్కాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

ఈ పంటలోనే మొదలుపెట్టండి. జనగామ, సిద్దిపేట, నల్లగొండ వైపు ఈ గ్రూపులో ఉన్నవాళ్ళలో చాలామందికి ముంబైలోనో భివండీలోనో సోలాపూర్‌లోనో ఒక మేనత్తో, ఒక బావో ఉంటారు. గూళ్ళ లెక్కని మీ గొంతుతో చెప్పి ముందు వాళ్ళకి పంపండి. వాళ్ళ వరండాలో ఎంతమందికి చేరిందో వచ్చే సంచికకి రాసి పంపండి, అందరం చదువుకుందాం.