జిరాక్స్ డెక్‌ల ప్రణాళిక

విశాఖలో జరిగిన ఒక ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ కార్డుల ఆట పోటీలో అరకు, డుంబ్రిగుడ, పాడేరు వైపు నుంచి వెళ్లిన ఆటగాళ్లను పేర్లు రాసుకునే బల్ల దగ్గరే ఆపేశారు. డెక్‌లలో ప్రాక్సీలు, అంటే అసలు కార్డులకు బదులు వాడే నకళ్లు, ఉన్నాయన్నది నిర్వాహకులు చెప్పిన కారణం. ఆ పోటీకి ఆటను అచ్చేసే కంపెనీ గుర్తింపు లేదు, అందులో గెలిస్తే పై పోటీకి అర్హతా రాదు. ప్రవేశ రుసుము కట్టించుకుని, నాలుగు బల్లలు వేసి ఆడించే ఊరి పోటీ అది. నిబంధన మాత్రం ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయిలో అమలైంది. పైగా ‘జిరాక్స్ డెక్‌లు పట్టుకుని కొండ దిగొచ్చారు’ అన్న మాట కూడా పడింది. అన్నవాళ్ల పేర్లు ఇక్కడ రాయం. పేర్లు రాస్తే ఇది నలుగురి తగవైపోతుంది, అసలు ప్రశ్న పక్కకు పోతుంది. ఆ వెక్కిరింతనే పేరుగా పెట్టుకుని, మన్యంలో ఈ ఆట ఆడుతున్న మేమందరం కలిసి ఈ ప్రణాళిక ప్రకటిస్తున్నాం. మా కోరిక ఒక్కటే: కంపెనీ గుర్తింపు లేని ప్రతి పోటీలోనూ ప్రాక్సీలను, లెక్క పెట్టకుండా, షరతుల్లేకుండా అనుమతించాలి.

డెక్ అంటే కనీసం అరవై కార్డులు. ఆడడానికి కావలసిన మానా అనే శక్తినిచ్చే బేసిక్ ల్యాండ్‌లు తప్ప ఏ కార్డూ నాలుగు ప్రతులకు మించకూడదు. ఆట న్యాయమంతా ఈ రెండు అంకెల మీద నిలబడిందంటారు. అన్యాయం మొదలయ్యేదీ అక్కడే. అరవై కార్డుల డెక్‌లో ఒక కార్డు నాలుగు ప్రతులుంటే, మొదట తీసే ఏడు కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 40 శాతం. రెండే ఉంటే అది 22 శాతానికి దిగుతుంది. ఒక్కటే ఉంటే 12 శాతం లోపే. ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఎత్తు ఒకటే, కార్డు ఒకటే, ఆడే బుర్రా ఒకటే. నాలుగు కొనగలిగినవాడు పది ఆటల్లో నాలుగింటిని ఆ కార్డు చేతిలో ఉండగా మొదలుపెడతాడు. ఒక్కటి కొనగలిగినవాడికి పదింట దాదాపు ఒకసారే దక్కుతుంది. ఇక రెండు మూడు రంగుల డెక్ కట్టినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. జేబుకు చిల్లు పెట్టేవి చాలాసార్లు రాక్షసులూ మంత్రాలూ కావు, ల్యాండ్‌లే. ఆ ఖరీదైన ల్యాండ్‌లలో ఫెచ్ ల్యాండ్ ఎవరినీ కొట్టదు, షాక్ ల్యాండ్ ఎవరినీ ఆపదు. కావలసిన రంగు మానా కావలసిన టర్నులో అందేలా చూడడమే వాటి పని. అంటే అంత డబ్బు పోసి కొంటున్నది దురదృష్టం నుంచి మినహాయింపును. ఎదుటివాడు తప్పు రంగు ల్యాండ్‌లు చేతిలో పెట్టుకుని మూడు టర్నులు ఊరికే కూర్చుంటే, దాన్ని మన ఆటతీరు అనుకుని మురిసిపోవడం ఈ పోటీల్లో మామూలైంది.

ఈ మినహాయింపు ధర కొండ మీద ఇంకా ఎక్కువ. కార్డులు విదేశాల నుంచి దిగుమతి కావాలి, ముందు పెద్ద నగరాలకు చేరాలి, అక్కడి బేరగాళ్ల చేతులు మారాలి. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరేసరికి బూస్టర్ ప్యాకెట్టు కాఫీ తోటలో కూలి చేసే ఇంటికి అందే వస్తువు కాదు. విడి కార్డుల మాట చెప్పనే అక్కర్లేదు. పోటీకి వెళ్లడం ఇంకో ఖర్చు. పగటి కిరండూల్ ప్యాసింజరు పొద్దున్న విశాఖలో బయలుదేరి అరకు వస్తుంది, మధ్యాహ్నం దాటాక తిరిగి కిందికి దిగుతుంది. బొర్రా గుహలు చూడవచ్చే పర్యాటకుడికి ఆ వేళలు చక్కగా కుదురుతాయి. ఆ రైలునే నమ్ముకుని పొద్దున పది గంటలకు విశాఖలో పేరు రాయించుకోవలసిన మన్యం ఆటగాడు ముందురోజే దిగి, ఎక్కడో ఒకచోట రాత్రి గడపాలి. భాష సంగతి సరేసరి. ముప్పై ఏళ్లు దాటిన ఈ ఆట జపనీస్, రష్యన్, కొరియన్, పోర్చుగీస్‌లలో వచ్చింది. తెలుగులో గానీ, మరే భారతీయ వాడుక భాషలో గానీ ఒక్క సెట్టూ రాలేదు. 2001లో అపోకలిప్స్ సెట్టు విడుదలకు ముందు ఫంగల్ షాంబ్లర్ అనే ఒక్క కార్డును ముచ్చటకు సంస్కృతంలో అచ్చేశారు. ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు మాట్లాడే పిల్లవాడు ఎనిమిది వరుసల ఇంగ్లిషు నిబంధనలు చదివి, అందులో ‘చేయవచ్చు’కీ ‘చేయాలి’కీ తేడా పట్టుకుని ఎత్తు వేయాలి. మా ప్రాక్సీల మీద ఆ నిబంధనలు తెలుగులో ఉంటాయి. నిర్వాహకులు నకలని పక్కన పెట్టిన కార్డులు, నిజానికి ఈ ఆటకు మన్యంలో ఉన్న ఒకే ఒక్క పాఠ్యపుస్తకం.

ప్రాక్సీ అంటే అసలు ఏమిటో చూడనివాళ్ల కోసం చెబుతున్నాం. నలుపు తెలుపుల్లో తీసిన జిరాక్స్, అంచులు కత్తిరించిన కాగితం. పైన పేరు, మానా ఖర్చు, కింద బలం, ఓర్పు అంకెలు, మధ్యలో తెలుగులో నిబంధన. దాని వెనక ఒక అసలు బేసిక్ ల్యాండ్. రెండూ కలిపి, వెనక నుంచి ఏమీ కనిపించని స్లీవ్‌లోకి దూరుస్తాం. చూసినవాడెవడూ దాన్ని అసలు కార్డని పొరపడడు, పొరపడాలని మేమూ అనుకోం. దీన్ని అవమానంగా చూసేవాళ్లు ఆట చరిత్ర ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. 1993లో ఈ ఆటను లోకానికిచ్చిన రిచర్డ్ గార్ఫీల్డ్ కాంబినేటరిక్స్ చదివిన గణితవేత్త. అచ్చుకు ముందు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తన మిత్రులతో ఆడించి చూసిన కార్డులు అక్కడా ఇక్కడా బొమ్మలు తీసుకుని ఫొటోకాపీ చేసి కత్తిరించినవే. అంటే ఈ ఆట పుట్టిందే జిరాక్స్ కాగితం మీద. తర్వాత కంపెనీ ఏం చేసింది? 1990ల చివరి నుంచి 2004 దాకా ప్రపంచ చాంపియన్‌షిప్ డెక్‌లను బంగారు అంచుతో, పోటీలకు చెల్లని కార్డులుగా అచ్చేసి అమ్మింది. 1996లో కొన్ని కార్డులను మళ్లీ ముద్రించబోమని మాటిచ్చింది. 2022లో ముప్పయ్యో వార్షికోత్సవం పేరుతో అవే పాత కార్డుల్లో కొన్నింటిని వేరే వెనుకభాగంతో, పోటీలకు చెల్లవని చెప్పి, అరవై కార్డులు 999 డాలర్లకు అమ్మింది. పోటీకి చెల్లని నకలును కంపెనీ వేల రూపాయల లెక్కన అమ్మితే అది సేకరణ. జిరాక్స్ షాపులో కొన్ని రూపాయలకు మేం తీయించుకుంటే దొంగతనమా?

కంపెనీ కూడా అలా అనలేదు. 2016 జనవరిలో అది తన విధానాన్ని స్పష్టంగా ప్రకటించింది. అసలువని నమ్మించి అమ్మే దొంగ కార్డుల మీద చర్య తీసుకుంటుంది. గుర్తింపు ఉన్న పోటీల్లో అసలు కార్డులే ఆడాలి. సొంత వాడకానికి, అమ్మకం లేకుండా చేసుకున్న కార్డుల జోలికి మాత్రం, వాటితో ఆడేది దుకాణంలోనైనా సరే, వెళ్లాలన్న ఉద్దేశం లేదంది. మేం అడుగుతున్నది ఈ గీతకు లోపలిదే. కంపెనీ వేయని కంచెను కింద ఊళ్ల నిర్వాహకులు వేశారు, కంపెనీ పెట్టని కాపలా వాళ్లు కాశారు. ఇక్కడ ఒక సూటి ప్రశ్న వేస్తారు: ‘అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. వేరే ఊరి గింజను అరకు పేరుతో అమ్మితే మీరే ఒప్పుకోరు. మరి కార్డుల నకలు ఎలా ఒప్పు?’ మంచి ప్రశ్న. అరకు పేరు పెట్టి పరాయి గింజ అమ్మేవాడు కొనేవాడిని మోసం చేస్తున్నాడు. మా ప్రాక్సీని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు, ఎవరూ మోసపోరు. అమ్మకం ఉన్నచోట మేమూ అసలు పక్షమే. దొంగ కార్డులు అమ్మేవాడికి మా బల్ల దగ్గర చోటు లేదు.

మిగతా అభ్యంతరాలకూ జవాబులున్నాయి. దుకాణాలు దెబ్బతింటాయంటారు. మేం కొనలేని కార్డు మేం ఆడినా ఆడకపోయినా అమ్ముడుపోదు. మేం బల్ల దగ్గరకొస్తే స్లీవ్‌లు, ప్రవేశ రుసుము, ఎప్పుడో ఒక ప్యాకెట్టు అమ్ముడవుతాయి. గుర్తు పెట్టిన కార్డుల్లా వాడొచ్చంటారు. అరవై స్లీవ్‌లూ ఒకే రంగువై, ప్రతి ప్రాక్సీ వెనకా అసలు కార్డు ఉంటే మందంలో తేడా దాదాపు తెలియదు. అనుమానం వస్తే జడ్జి డెక్‌ను చేతిలోకి తీసుకుని అంచులు తడిమి చూడొచ్చు, ఆ పరీక్షకు మేం సిద్ధం. కామన్ కార్డులే ఆడే పాపర్ ఫార్మాట్ ఉంది కదా, 2019 నుంచి దానికి కంపెనీ గుర్తింపు కూడా ఉందంటారు. ఉంది, ఆడతాం. కానీ బీదవాళ్లకు బీదల ఫార్మాట్ అని విడగొట్టి కూర్చోబెడితే అది సౌకర్యం ముసుగులో వెలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఆడుకోమంటారు. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నచోట ఆ సలహా ఇచ్చేవాళ్లు ఒకసారి పైకి రావాలి. పేకాటని పెద్దలు భయపడతారంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో ఆడిన రమ్మీ గురించి, 1967లోనే సుప్రీంకోర్టు అది ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట అని తేల్చింది. పడ్డ కార్డులు గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియడం ఆ నైపుణ్యమంది. మా ఆటలో అది వందరెట్లు. మొదట్లో ఈ ఆటకూ పందెం కార్డు నిబంధన ఉండేది, పోటీల నుంచి దాన్ని ఎప్పుడో తీసేశారు. మా బల్ల మీద రూపాయి పందెం కూడా ఉండదు.

ఇంతవరకూ వాదించాం. ఇక బతిమాలం. సంతలో కాటా ఎవరి చేతిలో ఉంటే తూకం వాళ్లదే అన్న సంగతి మన్యానికి ఎవరూ నేర్పక్కర్లేదు. చింతపండూ అడ్డాకులూ అడ్డగోలు తూకంతో పోయిన అనుభవం ఉండబట్టే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఆటలోనూ కాటా ఇప్పుడు డబ్బున్నవాడి చేతిలో ఉంది. గెలుపు కొలిచే ముందే తూకం తేలిపోతోంది. చదరంగంలో గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయ్యింది. చెక్క పావులైనా ప్లాస్టిక్ పావులైనా ఆ పదహారు పావుల బలం ఇద్దరికీ ఒకటే కాబట్టి ఆ గెలుపును ఎవరూ శంకించలేరు. మ్యాజిక్‌కూ అలాంటి రోజు రావాలి. ముంచింగిపుట్టు ఆశ్రమ పాఠశాల వరండాలో గీసిన కార్డుకూ నగరపు గాజు బీరువాలో దాచిన కార్డుకూ బల్ల మీద ఒకే విలువ ఉండాలి. ప్రతి మండలంలో ఒక ఉమ్మడి కార్డుల పెట్టె, ప్రతి కార్డుకూ తెలుగు, కువి, ఆదివాసీ ఒడియా నిబంధనల పట్టీ ఉండాలి. డెక్ కట్టడమంటే లెక్క, ఊహ, ఎదుటివాడి మనసు చదవడం. ఆ మూడింటికీ కొండ మీద కొదవ లేదు. అవి బయటపడకుండా అడ్డుపడుతున్నది ఒక ధరల చీటీ.

కాబట్టి ప్రకటిస్తున్నాం. డెక్ ఆలోచన, కార్డు దాని రసీదు. ఆలోచనకు పోటీ పెట్టండి, రసీదుకు కాదు. ప్రాక్సీ నేరం కాదు, పేదరికం అనర్హత కాదు. అమ్మం, మోసగించం, తల దించం. ఒక రంగు స్లీవ్, ఒక నిబంధన, ఒక బల్ల. ప్రాక్సీలను ఆపే గుర్తింపులేని పోటీలకు ఇకపై మాలో ఎవరూ రుసుము కట్టరు. ఆపని పోటీ ఎంత దూరాన ఉన్నా ముందురోజే బయలుదేరి వస్తాం. మేం పెట్టే పోటీల్లో అసలు కార్డులతో వచ్చేవాళ్లకూ, జిరాక్స్‌తో వచ్చేవాళ్లకూ ఒకే స్వాగతం ఉంటుంది. మమ్మల్ని బల్ల దగ్గర ఆపినవాళ్లకూ అక్కడ చోటుంది.

శ్రీకాకుళం నుంచి భద్రాచలం దాకా, జయపురం నుంచి పర్లాకిమిడి దాకా ఈ ఆట ఆడుతున్న తెలుగు ఆటగాళ్లారా, నిర్వాహకులారా! మీ తర్వాతి పోటీ ప్రకటనలో ఒక్క వాక్యం చేర్చండి: ‘ప్రాక్సీలకు అనుమతి ఉంది.’ ఆ వాక్యం రాసిన రోజున మా డెక్‌లు మీ బల్ల మీద ఉంటాయి. గెలుపోటములు అప్పుడు తేల్చుకుందాం.